తొట్టెల నాడు పిలవని పేరు

మల్కాజ్‌గిరిలో నేను మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. కింద ఇంటావిడ. శ్రీకాకుళం నుంచి వచ్చి ఒంటరిగా ఉంటున్నానని ఆవిడకి నా మీద జాలి. కాలనీలో నా ఈడు వాళ్లంతా సాఫ్ట్‌వేరే. పొద్దున్నే కంపెనీ బండి హారన్ కొడితే ఎక్కి పోయేవారు. నాదీ ఏదో కంపెనీ అనే అనుకునేది ఆవిడ. నేను మాత్రం సీసాలు పట్టుకుని మురుగునీళ్ల కోసం బయల్దేరేదాన్ని. ఆ సంగతి చెప్పుకునే మనిషి లేక నోరు మూతబడిపోయేది.

నా పని బ్యాక్టీరియాలో చేరి బతికే వైరస్‌లతో. మురుగులోంచి వాటిని పట్టి, ల్యాబ్‌లో పెంచి, ఏ జాతివో తేల్చాలి. అప్పట్లో తోక ఎంత పొడుగుందో చూసి కుటుంబాలుగా విడదీసేవారు. జన్యువులు చదవడం మొదలయ్యాక తెలిసింది, ఒకే రకం తోకలున్న చాలావాటి మధ్య దగ్గర చుట్టరికమేమీ లేదని. ఈమధ్య ఆ కుటుంబాలనే ఎత్తేశారు. నాకు దొరికిన వైరస్‌కి మాత్రం దగ్గర బంధువంటూ ఎక్కడా కనిపించలేదు. కొత్తది ఎవరికి దొరికితే వాళ్లే పేరు పెట్టడం మా దగ్గర రివాజు.

ఆ రోజుల్లోనే ఇంటావిడ కూతురు పురిటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం వచ్చి, చేతులు కడుక్కుని ఆ పాపను ఒళ్లో వేసుకుంటే చాలు, రోజంతా మాట్లాడని దిగులు పోయేది. వాళ్లింట్లో బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల నాడు ఆడవాళ్లు ఒక్కొక్కరే వంగి తమకు నచ్చిన పేరుతో బిడ్డను పిలుస్తారట.

"నువ్వు సుత ఒక పేరు అనుకొని పెట్టుకో బిడ్డా," అంది ఇంటావిడ.

ఆ మాటకే పొంగిపోయాను. బస్సులో నిలబడి కూడా పేర్లే వెతుక్కున్నాను.

తొట్టెల పండగకి ముందు ఇంటావిడ అల్లుడొచ్చాడు. "ఏ కంపెనీల చేస్తున్నరక్కా?" అన్నాడు.

"కంపెనీ కాదండీ. మురుగులోంచి వైరస్‌లు పట్టి పెంచుతాను."

ఇన్నాళ్లకి అడిగినవాడొకడు దొరికాడని గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాను. అతను మామూలుగానే విన్నాడు. ఇంటావిడ మాత్రం లేచి వచ్చి నా ఒళ్లోంచి పాపను తీసుకుంది.

"ఆంటీ, అవి మనుషుల్లోకి రావు. తమ రకం బ్యాక్టీరియాని వదిలి ఇంకో రకంలో కూడా బతకలేవు."

"నిజమే అయ్యుంటది. సదువుకున్నదానివి. కని పసిపిల్ల కద, జెర పెద్దగయినంక ఎత్తుకుందువు."

నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. చంటిపిల్లను కాచుకునే మనిషితో ఏమని వాదిస్తాను? మెట్లెక్కి గదిలోకి వచ్చేశాను.

తొట్టెల నాడు నా భోజనం స్టీలు డబ్బాలో మెట్ల మీద పెట్టి వెళ్లారు. కింద నుంచి పేర్లు వినిపిస్తున్నాయి, నవ్వులు కూడా. నేననుకున్న పేరు ఎవరైనా పిలిచేస్తారేమోనని తలుపు దగ్గర నిలబడి భయంగా విన్నాను. ఎవరూ పిలవలేదు.

మర్నాడు ల్యాబ్‌లో మా సార్ అడిగారు, వైరస్‌కి ఏం పేరు అనుకున్నావని. చెప్పాను.

"పాపాయి పేరులా ఉందే! ఎవరమ్మాయి?" అన్నారు నవ్వుతూ.

"ఎవరూ లేరు సార్," అన్నాను.