వదిలేసిన బోణీ బేరం

మా బడి వరండాలో ఒక ఆకుపచ్చ బోర్డు ఉండేది. పైన "రాబోవు కార్యక్రమాలు" అని తెల్ల పెయింటుతో రాసి ఉండేది, అది చెరగదు. కింద రాసేదంతా సుద్దముక్కతో. నేను పదో తరగతి చదివిన ఏడు ఆ బోర్డు మీద రాసినదానికంటే చెరిపిందే ఎక్కువ. క్వార్టర్లీ పరీక్షలు రాశాను, చెరిపాను. తల్లిదండ్రుల సమావేశం కూడా అంతే. ఆటల పోటీలైతే రెండుసార్లు రాసి రెండుసార్లు చెరిపాను. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. సిద్దిపేటలో బడి ఒకరోజు తెరిస్తే మూడు రోజులు మూతపడేది. తెరిచిన రోజున కూడా క్లాసుల్లో సగం బెంచీలు బోసిగా ఉండేవి, వాటిమీద పావురాలు తిరిగేవి.

బోర్డు రాసే పని నాకు దక్కింది చేతిరాత అందంగా ఉంటుందని కాదు, పెద్దగా ఉంటుందని. మాది స్టీలు సామాన్ల దుకాణం. అట్టముక్కల మీద ధరలు రాసి రాసి, రోడ్డు అవతలి మనిషికి కూడా కనబడేలా రాయడం నాకు అలవాటైపోయింది. మరియమాత పండుగ అని రాసినా నా చేతిలో అది డిస్కౌంటు సేల్‌లా కనబడుతుందని మా క్లాసువాళ్ళు నవ్వేవాళ్ళు. నిజమే, ఒకసారి చివర్లో "త్వరపడండి" అని కూడా రాశాను.

చదువు సంగతి ఎలా ఉన్నా, బేరంలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరని నా నమ్మకం. మొదట చెప్పిన ధరకు ఒప్పుకోకూడదు. "చూసొస్త" అని వెనక్కి తిరగాలి. పది అడుగులు వేసి, చెప్పు సర్దుకుంటున్నట్టు ఆగాలి. దుకాణందారు పిలుస్తాడు. పిలిచాడంటే ధర తగ్గినట్టే. చిన్నప్పుడు చెప్పుల దుకాణం ముందు కూడా ఇలాగే నడిచి, సర్దుకోవడానికి కాళ్ళకు చెప్పులు లేవన్న సంగతి ఆగాక గుర్తొచ్చి, కాలి వేలు గోక్కుంటూ నిలబడ్డాను. అయినా పిలిచారు.

ఈ విద్య పనికిరాని చోటు ఒక్కటే ఉంది, బోణీ. పొద్దున షట్టరు లేపగానే వచ్చే మొదటి బేరం. ఆ మనిషితో దుకాణందారు బేరం సాగదీయడు, తనకు గిట్టే ఆఖరి ధర ముందే చెప్పేస్తాడు. ఆ మనిషి కూడా ఉత్త చేతులతో మెట్లు దిగకూడదు. దిగితే ఆ రోజంతా పాడని మా బజారు నమ్మకం. ఎప్పుడో ఒకావిడ బోణీ చేయకుండా టిఫిను డబ్బా మూత మూసి వెళ్ళిపోతే, మా బాపు సాయంత్రం దాకా ఆ డబ్బాను ఎవరికీ చూపించలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

బడిలో అందరికంటే పెద్ద సిస్టరు ఒకావిడ ఉండేవారు. పడుచు వయసులో కేరళ నుంచి వచ్చి సిద్దిపేటలోనే నెరిసిపోయారు. లెక్కలు చెప్పేవారు. చూపు మందగించాక క్లాసులు వదిలేసి, ప్రేయర్ బెల్లూ పాటలూ మాత్రం ఉంచుకున్నారు. ఆవిడది పుస్తకంలో నేర్చుకున్న తెలుగు. మేము "ఏంది సిస్టర్" అంటే "ఏమిటండీ అనవలెను" అని దిద్దేవారు. దిద్ది దిద్ది చివరికి ఆవిడకే మా మాట అంటుకుంది. కోపం వస్తే "గట్లనా!" అనేవారు. అది మలయాళంలా వినబడేది. నన్ను పేరుతో పిలవలేదు ఎప్పుడూ, "రేటు బోర్డూ" అనేవారు.

ఆ ఏడు ఆవిడను కేరళలో వాళ్ళ ముసలి సిస్టర్లు ఉండే ఇంటికి రమ్మని ఉత్తరం వచ్చింది. సికింద్రాబాదు నుంచి మంగళవారం రైలుకు టికెట్టు కూడా తీశారు. ఆ నెలలోనే ఆవిడ మాటపట్టుకు యాభై ఏళ్ళు నిండుతున్నాయి. మాటపట్టు అంటే ఇల్లూ పెళ్ళీ వదిలి ఇలాగే బతుకుతానని సిస్టర్లు దేవుడికి ఇచ్చే మాట. ఒక్క మాట మీద యాభై నిమిషాలు నిలబడ్డ మనిషిని నేను మా బజారులో చూడలేదు. అందుకని ఆ లెక్క నాకు వింతగా ఉండేది.

ఏం కావాలో చెప్పండి, చేస్తామని హెడ్‌మిస్ట్రెస్ సిస్టరు అడిగారు. శాలువా వద్దన్నారావిడ, కేకు వద్దన్నారు. "పిల్లలందరినీ ఒక్కసారి అసెంబ్లీలో నిలబెట్టండి. పాట పాడనివ్వండి. చాలును," అన్నారు. సమ్మె మొదలైన నాటి నుంచీ నిండు అసెంబ్లీ జరగలేదు. సగం మంది చింతమడక వైపు నుంచీ, నంగునూరు వైపు నుంచీ ఆటోల్లో వచ్చేవాళ్ళు. ఆటోలు ఆగితే వరసల్లో సందులు పడేవి. "సందులున్న వరసను చూస్తే తప్పు చేసిన లెక్క చూసినట్లు ఉన్నది," అనేవారు.

అంటే ఒక్క పూట ఆటోలు నడవాలి. ఆ మాట ఇవ్వగలిగింది బస్టాండు దగ్గరి దీక్ష టెంటు. దాని పెద్ద మా వీధిలో బట్టల దుకాణం నడిపే ఆయన, నాకు చిన్నాన్న వరస, కాకా అని పిలిచేదాన్ని. మా బాపు కూడా వంతు వచ్చినప్పుడల్లా ఆ టెంట్లో కూర్చునేవాడు. సమ్మె ఎవరిదో కాదు, మాదే. హెడ్‌మిస్ట్రెస్ రాసిన చిట్టీని బాపే కాకకు ఇచ్చాడు. "మాట్లాడెతందుకు ఎవరినన్న పంపున్రి" అని జవాబు వచ్చింది. సిస్టర్లు నినాదాల మధ్యకు వెళ్ళడానికి జంకుతుంటే నేను చెయ్యెత్తాను.

"నేను పోత సిస్టర్. బేరం నాకిడ్సిపెట్టున్రి."

"బేరం కాదమ్మా, మనవి," అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

ఆ రెంటికీ తేడా నా చెవికి ఎక్కలేదు. బాపు కూడా చెప్పాడు. "పొద్దుగాల్నే పో. ఏమిస్తె గది తీస్కొని రా."

గురువారం పొద్దున వెళ్ళాను. జంపఖానా మీద పదిమంది కూర్చున్నారు, మెడల్లో వాడిన బంతిపూల దండలు. వెనక బజారంతా దించిన షట్టర్లే. కాక నన్ను చూసి నవ్వాడు.

"రా బిడ్డా, రా. షట్టర్ లేపక ఎన్నొద్దులాయెనో. ఇయ్యాల నువ్వే నా బోణీ. ఏం జూపియ్యాలె, లంగ బట్టనా, చీరనా?"

"ఒక పూట జూపియ్యి కాకా. మా ఆటోలు నడవాలె."

"శనివారం," అన్నాడు వెంటనే. "తొమ్మిదికెళ్లి పన్నెండు దాంక. మేమంత గజ్వేల్ రోడ్డు మీద వంటా వార్పుకు పోతం. గిటు పిల్లల ఆటోలను ఎవ్వలు ఆపరు. పూచీ నాది."

వంటా వార్పంటే నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకొని తిని, దారి ఆపడం. అందరూ అటు వెళ్తే ఇటు రోడ్డు ఖాళీ. మూడు గంటలు. సిస్టరు అడిగినదానికి అది చాలు, ఎక్కువే. చేతులు జోడించి వచ్చేయాల్సింది.

కానీ ఇంత తేలిగ్గా ఇచ్చాడంటే ఇంకా ఉందని నా బుర్ర చెప్పింది. ఇంకొకటి కూడా ఉంది, అదీ చెప్పేస్తాను. వార్షికోత్సవం నాటకంలో నాది రాణి వేషం. జూన్ నుంచీ అద్దం ముందు కళ్ళెర్రజేసి మాటలు వల్లిస్తున్నాను. వార్షికోత్సవాన్ని కూడా నా చేత్తోనే చెరిపాను. మూడు గంటల అసెంబ్లీలో రాణికి చోటు లేదు. సిస్టరు అడిగింది వరసలు, నాకు కావలసింది స్టేజీ.

"మూడు గంటలు ఏం సాలుతయ్ కాకా? సోమవారం దినమంత ఇయ్యి. మైకు పెట్టుకుంటం, నాటకం ఏస్తం."

"సోమవారం నా చేతుల లేదు బిడ్డా. పైకెళ్లి ఏం పిలుపొస్తదో ఏమో. శనివారం తీస్కో."

"పోనీ, శనివారమే పొద్దూకే దాంక?"

"పన్నెండంటి గద."

పక్కనున్న ముసలాయన దండ సర్దుకుంటూ అన్నాడు. "గీ పోరిని ఢిల్లీకి తోలున్రయ్యా. రేపే తెస్తది తెలంగాణ!"

టెంటంతా నవ్వింది. ఆ నవ్వుతో నేను మరింత ఉబ్బిపోయాను. "చూసొస్త కాకా," అని లేచాను.

కాక నవ్వడం ఆపాడు. "బోణీ బేరం ఇడ్సి పోతవా బిడ్డా?"

"మా సిస్టర్‌ను అడిగొస్త."

పది అడుగులు వేశాను. మూసి ఉన్న సోడా బండి దగ్గర ఆగి, వంగి చెప్పు సర్దుకున్నాను. ఈసారి చెప్పులు ఉన్నాయి. వెనక డప్పు మొదలైంది, నినాదాలు మొదలయ్యాయి. ఓరగా చూశాను. కాక అటు తిరిగి ఎవరికో గ్లాసులో నీళ్ళు పోస్తున్నాడు. రేపు పిలుస్తాడులే అనుకున్నాను.

బడికి వచ్చి హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పాను. "శనివారం మూడు గంటలే అంటున్రు సిస్టర్. జర ఆగితె సోమవారం దినమంత ఇస్తరు."

"ఇస్తామన్నారా?"

"ఇస్తరు."

ఆవిడ నా జవాబును తన ప్రశ్నకు సరిపెట్టుకున్నారు. సరిపెట్టుకునేలా చెప్పాను. బోర్డు మీద నా లావు అక్షరాలతో రాశాను: "సోమవారం. సిస్టరుగారి మాటపట్టు స్వర్ణోత్సవం. నాటకం. అందరూ తప్పక రావలెను." చింతమడక పిల్లలను తెచ్చే ఆటో చాచా కబురు కనుక్కోవడానికి వచ్చి, గేటు దగ్గర తల గోక్కున్నాడు.

"సోమవారమా? మా అడ్డ మీద శనివారం అంటున్రు గద బేటీ."

"మారింది చాచా."

అప్పటికే మాట ఆటోల అడ్డా దాకా ఎలా చేరిందని నేను ఆలోచించలేదు.

శనివారం మా దుకాణం సగం లేపిన షట్టరు కింద నుంచి రోడ్డు చూశాను. టెంటు ఖాళీ. ఆటోలు వరసగా నిలబడి ఉన్నాయి, డ్రైవర్లు లోపల కాళ్ళు చాపుకుని పడుకున్నారు. ముసురు పట్టి ఉంది. తొమ్మిదికి బడి బెల్లు వినబడింది. పిల్లలు వచ్చినా రాకపోయినా ఆ బెల్లు కొట్టడం పెద్ద సిస్టరు మానలేదు. ఊరు నిశ్శబ్దంగా ఉండటంతో మా వీధి దాకా వచ్చింది. పన్నెండు దాటాక గజ్వేల్ రోడ్డు నుంచి మనుషులు తిరిగి రావడం మొదలైంది. కాక కూడా వచ్చాడు. మా దుకాణం ముందు నుంచే నడిచాడు. నన్ను చూశాడు, పిలవలేదు.

ఆదివారం మధ్యాహ్నం బాపు కబురు తెచ్చాడు. సోమవారం నుంచి రాస్తారోకో, హైదరాబాదు రోడ్డు మీద చీమ కూడా కదలదు, ఎన్ని రోజులో తెలియదు. బాపు మాట పూర్తికాకుండానే నేను బడికి పరుగెత్తాను.

వరండా ముందు జీపు నిలబడి ఉంది. అందులో ఒక ట్రంకుపెట్టె, ఒక గొడుగు. రోడ్డు మూసుకుంటే మంగళవారం రైలు దొరకదు కాబట్టి, ఇవాళే సికింద్రాబాదు చేరి అక్కడి కాన్వెంటులో ఆగాలి. పెద్ద సిస్టరు బోర్డు ముందు నిలబడి ఉన్నారు. ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చదువుతున్నారు. ఆవిడ ముక్కు కొనకు సుద్ద అంటింది.

"సోమవారం," అని చదివి నా వైపు తిరిగారు. "నీ అక్షరాలు మాత్రం నాకు కనబడుతున్నవి, రేటు బోర్డూ."

"సిస్టర్, శనివారం ఇస్తమన్నరు. నేనే తీస్కోలె."

జీపు దగ్గరున్న హెడ్‌మిస్ట్రెస్ ఇటు చూశారు. పెద్ద సిస్టరు ఒక అడుగు నా దగ్గరికి వేశారు.

"ఎందుకు?"

"ఇంక ఎక్కువ ఇస్తరనుకున్న."

"గట్లనా," అన్నారు. ఆ మాట ఆవిడ కోపం లేకుండా అనడం అదే మొదటిసారి విన్నాను.

మైదానంలో వరసల కోసం పోసిన సున్నపు గీతలు వానకు సగం కొట్టుకుపోయి ఉన్నాయి. ఆవిడ అటు తిరిగి నిలబడ్డారు. ఏమైనా చేయాలని, "పాట పాడాల్నా సిస్టర్?" అని అడిగాను.

"ఒక్కదానివా?" అన్నారు. వెక్కిరింపు కాదు, లెక్క అడిగినట్లే అడిగారు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, జీపు ఎక్కారు.

సమ్మె ముగిశాక బడి తెరిచారు. మొదటి రోజే ఆటోలన్నీ వచ్చాయి. కొత్తగా పోసిన గీతల మీద పిల్లలు నిలబడితే ఒక్క వరసలో కూడా సందు లేదు. బెల్లు ప్యూను కొట్టాడు, రెండు దెబ్బలు ఎక్కువ కొట్టాడు. అందరూ పాడారు. నేను పెదాలు మాత్రం కదిపాను. అసెంబ్లీ అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ డస్టరు నా చేతికిచ్చారు. సోమవారం ఇంకా బోర్డు మీదే ఉంది. అన్ని రోజులు ఉన్న సుద్ద తడికి గట్టిపడి, రుద్దినా గుర్తు మిగిలింది.

ఆ వారంలోనే అమ్మ జాకెట్ లైనింగు తెమ్మంటే కాక దుకాణానికి వెళ్ళాను. పొద్దున్నే, అప్పుడే ఊదుబత్తి వెలిగించాడు. ధర చెప్పాడు. ఇచ్చాను.

"ఏంది బిడ్డా, బేరమాడవా?"

"బోణీ గద కాకా."

కాక బట్ట కొలిచి, చించి, మడత పెట్టాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"మీ బాపు చిట్టీ తెచ్చిన నాడే టెంట్ల అందరితోని కొట్లాడిన. పిల్లల ఆటోలను గూడ ఇడ్సేది లేదని ఒకడు, ఒక్క గంట ఇస్తమని ఇంకొకడు. ఆఖరికి మూడు గంటలు ఒప్పిచ్చి, ఆటోలోల్లకు గూడ చెప్పి పెట్టిన. మా పిల్లలకు లెక్కలు నేర్పింది గా సిస్టరమ్మ. ఇచ్చెటిదంత ముందుగాలనే ఇచ్చిన బిడ్డా. నిన్ను మల్ల పిలిస్తె, ఇంకేమియ్యాలె?"

బట్టను కాగితంలో చుట్టి, దారం పంటితో తెంపి, నా చేతిలో పెట్టాడు. నేను మెట్లు దిగి, సోడా బండి దాకా నడిచి, ఎందుకో ఆగాను. బండి ఆ రోజు తెరిచే ఉంది. సోడా కావాలా అని బండివాడు అడిగితే వద్దన్నాను.