సగంలో ఆగిన గీత: పొదిలి నుంచి గుంటూరు లేజర్ ల్యాబ్‌కు

పొదిలిలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇక గడువు పొడిగించడం కుదరదని యూనివర్సిటీ నుంచి లేఖ వచ్చింది. థీసిస్‌లో మిగిలింది ఒక్క కొలత. మామూలు వెలుతురులో ఒకలా ఉండే స్ఫటికం, తీవ్రమైన లేజర్ పడితే ఎంత మారుతుందో చూడాలి. అది కొలిచే పరికరం మాకు దగ్గర్లో గుంటూరులోనే ఉంది. ఐదు నెలలు ఇంట్లో బీకరులో పెంచితే, పగుల్లేకుండా నిలిచింది గోరంత స్ఫటికం ఒక్కటే.

ఉదయం ఆరింటి బస్సెక్కాను. దర్శి, అద్దంకి, చిలకలూరిపేట మీదుగా నాలుగు గంటలకు పైనే పట్టింది. పేట దాటాక మిరపకాయల ఘాటుకు బస్సంతా దగ్గింది. దూదిలో చుట్టిన స్ఫటికం డబ్బాను మాత్రం ఒళ్లోంచి దించలేదు. గుంటూరు బస్టాండు నుంచి బ్రాడీపేటకు ఆటోలో డెబ్బై రూపాయలు.

"మెల్లగా పోనివ్వండి, కుదిపితే పగిలిపోతుంది" అన్నాను.

"ఏముందండీ అందులో, మందులా?" అన్నాడు డ్రైవరు.

"రాయి లాంటిదండీ."

"రాయికింత భయమేంటండీ!" అని నవ్వాడు.

ల్యాబ్‌లో నాకిచ్చిన సమయం పదకొండు నుంచి ఒంటిగంట దాకా. టెక్నీషియన్ కరీముల్లా గారు లేజర్‌ను కటకంతో ఒక బిందువుకు కుదించి, స్ఫటికాన్ని ఆ బిందువు గుండా మిల్లీమీటరు చొప్పున జరిపారు. అవతలికి వచ్చిన కాంతి కంప్యూటర్లో గీతగా పడుతుంది. అది ముందు దిగి, తర్వాత లేస్తే నా లెక్క నిజమైనట్టు. రెండుసార్లు చేసినా ఎగుడుదిగుడు లేకుండా సాపుగానే వచ్చింది.

"పవర్ పెంచాలమ్మా. స్ఫటికం కాలినా కాలొచ్చు. ఇంకో ముక్క ఉందా?"

"లేదండీ."

"అయితే ఇంకోసారి రండి, నిదానంగా చూద్దాం. కానీ రెండు నెలల దాకా ఖాళీ లేదు."

థీసిస్ ఇవ్వడానికి నాకున్నది పన్నెండు రోజులు. "పెంచండి" అన్నాను.

ఈసారి గీత దిగింది. నేను కాగితం మీద వేసుకున్నట్టే దిగింది. బిందువు దగ్గరికి రాగానే చిటుక్కుమంది. గీత మళ్లీ లేవలేదు. లైటు వేస్తే స్ఫటికం మధ్యలో నల్లటి మచ్చ, అక్కణ్ణుంచి అంచు దాకా పగులు.

"నేనే వద్దనాల్సిందమ్మా" అన్నారాయన.

గైడు గారికి ఫోన్ చేశాను. "సగం గీతను ఎవరొప్పుకుంటారమ్మా?" అన్నారాయన.

తిరుగు బస్సులో ఏడుపు కూడా రాలేదు. నేననుకున్నది నిజమేనని ఆ సగం గీత నాకొక్కదానికే చెప్పింది. దాన్ని ఇంకెవరి ముందూ నిరూపించలేను. అది పూర్తిగా సాపుగా వచ్చి ఉంటే, తప్పనుకుని వదిలేసేదాన్ని. ఇప్పుడు వదలనూ లేను, పట్టుకునేందుకూ ఏమీ లేదు.

మీరెవరైనా ఇలాంటి కొలతకు వెళ్తుంటే, నాసిరకందైనా సరే రెండో ముక్క తీసుకెళ్లండి. ఎంత పవర్‌కు కాలుతుందో ముందు దానిమీద చూసుకోండి.