మా నాన్న లస్కరు

ఈ రోజు నాన్నతో మాచర్లలో బ్యాంకుకు వెళ్లాను. నాన్న సాగర్ కాలువ మీద లస్కరు. తూము షట్టర్లు ఎత్తి పొలాలకు నీళ్లు వదలడం ఆయన పని.

ఫారం నింపుతున్న బ్యాంకు అమ్మాయి వృత్తి అన్న గడి దగ్గర ఆగింది. "లస్కరంటే ఏంది బాబాయ్? వాచ్‌మన్ అని రాసేస్తా."

నాకు ఒళ్లు మండింది. "పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. తర్వాత ఓడల్లో పనిచేసే మనోళ్లను లస్కర్లన్నారు. ఆ పేరే కాలవ మీదికొచ్చింది" అన్నాను. నా హిస్టరీ డిగ్రీ మొదటిసారి పనికొచ్చింది.

ఆమె అప్పటికే రాసిన వాచ్‌మన్ కొట్టేసి లస్కరు అని రాసింది. "అయితే సముద్రం చూశారా బాబాయ్?"

"చూళ్లేదమ్మా. ఓడోళ్లు నీళ్ల మీద పోతారు. నేను నీళ్లనే పంపుతా" అన్నాడు నాన్న.

మీ పొలానికి నీళ్లు వదిలే లస్కరు పేరు మీలో ఎంతమందికి తెలుసు?