చూడని రూఫుకు సంతకం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో నన్ను గోదావరిఖనికి పర్సనెల్ మేనేజరుగా బదిలీ చేశారు. చేరిన పదో రోజునే మైనింగ్ సర్దార్ల ఎంపిక బోర్డులో సభ్యుడిగా వేశారు. షిఫ్టుకు ముందే గనిలోకి దిగి, రూఫును, అంటే పైకప్పును, కర్రతో కొట్టి చప్పుడు విని, గాలి పరీక్షించి, ఇక్కడ పని చేయవచ్చని రిపోర్టు పుస్తకంలో సంతకం పెట్టేవాడు సర్దార్. ఆ సంతకం మీద నమ్మకంతోనే కార్మికులు లోపలికి అడుగు పెడతారు.

బోర్డుకు అధ్యక్షుడు ఏజెంటు గారు. గని మేనేజర్ల పైఅధికారిని మా దగ్గర అలా పిలుస్తారు. గోలేటి గనుల్లో చాలాకాలం పనిచేసి వచ్చిన మనిషి, మాట తక్కువ. మూడో సభ్యుడు సేఫ్టీ ఆఫీసరు. అభ్యర్థి బయటికి వెళ్లగానే ఎవరి మార్కులు వాళ్లు సిరాతో వేసి కవరులో పెట్టి అంటించాలి. దిద్దుబాటు చెల్లదు. మనిషి కుర్చీలో కూర్చునే తీరు చూసి పనిమంతుడో కాదో చెప్పగలనని నాకు పేరుండేది. ఆ పేరు పెట్టుకున్నది కూడా నేనే.

ఏజెంటు గారు ప్రతి అభ్యర్థినీ రెండు ప్రశ్నలు అడిగి, అప్పటికే నింపి ఉన్న తనిఖీ రిపోర్టు కాపీ ఒకటి ముందుకు జరిపి, "ఇగో, సర్దార్ అని ఉన్నకాడ ఒక సంతకం పెట్టు" అనేవారు. వచ్చినవాళ్లంతా పెట్టి వెళ్లారు. చేతిరాత చూస్తున్నారేమో అనుకున్నాను.

చివర వచ్చినవాడు సమ్మయ్య. రామగిరి మండలం వాడు. గనిలో కాంట్రాక్టు పని చేస్తూనే సర్దార్ సర్టిఫికెట్ పరీక్ష పాసయ్యాడు. వయోపరిమితి ప్రకారం అతనికి అదే ఆఖరి అవకాశం. రిపోర్టు పైనుంచి కింది దాకా చదివి కలం పక్కన పెట్టాడు.

"గీ జాగ నేను చూడలే సార్. చూడని రూఫుకు సంతకం ఎట్ల పెడత?"

"నేను చెప్తున్న గదా, పెట్టు" అన్నారు ఏజెంటు గారు.

"మీరు చెప్పినా పెట్ట సార్. కావాలంటే ఇప్పుడే దిగి చూసొస్త."

నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం రాకముందే ఇంత మొండితనమైతే, వచ్చాక నెత్తినెక్కి కూర్చుంటాడు అనుకున్నాను. నడవడిక కింద ఇరవైకి నాలుగు వేసి కవరు అంటించేశాను.

చాయ్ వచ్చాక ఏజెంటు గారు ఆ రిపోర్టు మడుస్తూ, "అందరిల ఒక్కడు దొరికిండు" అన్నారు. నాకు అర్థం కాలేదు. "గా జాగ మూసేసి ఏండ్లయింది. పైననే రాసుంది. చదివినోడికి కనబడ్తది" అన్నారు. మిగతావాళ్లంతా మూసేసిన చోట మనుషులు పని చేయవచ్చని సంతకం పెట్టారన్నమాట. నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పర్సనెల్ మేనేజరుకు గూడ చెప్పాలెనా?" అన్నారాయన.

కవర్లు విప్పి రాతపరీక్ష మార్కులు కలిపితే సమ్మయ్య ఒక్క మార్కు తేడాతో ఆగిపోయాడు. నా అంచనా తప్పని ఒప్పుకుంటూ హెడ్డాఫీసుకు నోటు రాశాను. వేసిన మార్కులు మార్చడం కుదరదని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది.

జాబితా అంటించిన రోజు సమ్మయ్య నా గదికి వచ్చాడు.

"నేనేం తప్పు చెప్పిన సార్?"

తప్పేం లేదని, తక్కువ వేసింది నేనేనని చెప్పాను. అతను తిడతాడనుకున్నాను. ఒకటే అడిగాడు.

"ఎంపికైనోళ్లు సంతకం పెట్టిన్రా సార్?"

పెట్టారన్నాను.

"రేపటిసంది వాళ్ల సంతకం మీదనే నేను దిగాలె గదా" అన్నాడు.

అధికారులు ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు బాధ్యత చూస్తామని చెబుతారు. నేను సర్వీసంతా చెప్పిన మాట వినేవాడికి మార్కులు వేసి, దాన్నే బాధ్యత అనుకున్నాను. ఆ తర్వాత మరో రెండు బోర్డుల్లో కూర్చున్నాను. కాదన్నవాణ్ని ఎందుకు కాదన్నావని అడిగిన తర్వాతే కలం తీశాను.