బావ బ్రేకు దూరం

మా అక్క మొగుడిది ఉద్దానం. శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగం. ఏడాదికోసారి ఇద్దరం ఆయన పాత కారులో చెన్నై దగ్గరి రేసు ట్రాకుకి వెళ్లేవాళ్లం. కొన్ని రోజులు అక్కడ మామూలు జనాన్ని కూడా సొంత కార్లు తోలుకోనిచ్చేవారు. ముందు అద్దానికి ఒక చిన్న జీపీఎస్ పెట్టె అతికించేవాడు బావ. మలుపులో కారు ఎంత పట్టు నిలుపుకుందో, వంద కిలోమీటర్ల వేగం మీద బ్రేకు తొక్కితే ఎన్ని మీటర్లలో ఆగిందో అది చెప్పేది. బావకి నలభై నాలుగు మీటర్లు. నాకెప్పుడూ ఒక మీటరు ఎక్కువే.

పెద్దనోట్లు రద్దయిన ఏడు, ఆదివారాలు చర్చి అయ్యాక ఎచ్చెర్ల దాటి ఇంకా ఇళ్లు కట్టని లేఔటు రోడ్డు మీద సాధన చేశాం. బావ అంకె నలభై ఎనిమిదికి పోయింది. తర్వాత యాభై రెండు. మలుపుల్లో పట్టు మాత్రం ఎప్పటిలాగే ఉంది, కాబట్టి టైర్ల తప్పు కాదు. బ్రేకు ప్యాడ్లు మార్చాం, ఆయిలు మార్చాం. తగ్గలేదు.

"ఏటి బావా, గట్టిగా తొక్కు!" అని అరిచాను.

"తొక్కుతన్నానురా. ఇంకేటి సెయ్యమంటావు?"

విసుగొచ్చి ఆయన్ని దింపి నేను కూర్చున్నాను. నలభై అయిదు. మళ్లీ తొక్కాను. నలభై అయిదే.

బావ ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. "కారు బాగానే ఉన్నాదిరా" అన్నాడు. రోడ్డు పక్కన కూర్చుని బూటు విప్పాడు. వాపెక్కిన కాలి మీద మేజోడు అంచు లోతుగా దిగబడి ఉంది.

"ఎన్నాళ్లయినాది బావా?"

"మూడు నెల్లు. మీ అక్కకి సెప్పకు."

వాళ్ల నాన్న, అన్న ఇద్దరూ కిడ్నీలు పాడయ్యే పోయారు. ఆ వాపు దేనికో ఆయనకి తెలుసు.

ఆ మధ్యాహ్నమే అక్కకి చెప్పేశాను. పరీక్షలు, ఆ తర్వాత వారానికి మూడు డయాలసిస్‌లు. ఒకరోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని, "ఆ పూట నువ్వు తొక్కకపోతే ఇంకోసారి ట్రాకుకి ఎల్లీవోళ్లంరా" అన్నాడు. తిట్టాడో, నవ్వులాటకన్నాడో తెలీలేదు. అడగలేకపోయాను.

రెండో ఏడు వానల్లో పోయాడు. సమాధి దగ్గర పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ముందే తెలిస్తే బతికీవోడేటిరా?"

తెలీదన్నాను. అక్క నా చెయ్యి వదల్లేదు. అలాగే నిలబడ్డాం.