మేనల్లుడి పటం

పులివెందులలో నా జెరాక్స్ అంగడికి మా అక్క అంతకు ముందెప్పుడూ ఒంటరిగా రాలేదు. ఆ రోజు మధ్యాహ్నం జమ్మలమడుగులో బస్సెక్కి, ముద్దనూరులో మారి, వచ్చి మిషను పక్కన నిలబడింది. చంకలో పాత చీరలో చుట్టిన పటం ఉంది. నేను కుర్చీ జరిపేలోపే ముడి విప్పింది.

అద్దం వెనక మొహం లేదు. బూడిద రంగు నీళ్లు కిందికి జారి చారలుగా ఎండిపోయాయి. ఒక చెవీ, చొక్కా కాలరూ మాత్రం మిగిలాయి. ఆ కాలరు చూసి గుర్తుపట్టాను. అది నేను వేసిన పటం. అక్క కొడుకుది.

వాడు ఆరేళ్లకే జ్వరంతో పోయాడు. అక్కకు మళ్లీ పిల్లలు కలగలేదు. అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక ఫోటో స్టూడియోలో ఎయిర్‌బ్రష్ పని చేసేవాణ్ణి. పోయినవాళ్ల ఫోటోలు ఎంత చిన్నవైనా జనం మా దగ్గరికి తెచ్చేవాళ్లు. వాటిని పెద్దవి చేసి, పెన్నంత గన్నులో పోస్టర్ కలర్ పోసి, గాలితో పొగలా చల్లుతూ మొహాన్ని తేల్చేవాళ్లం. గాలి కొట్టే కంప్రెసర్ కొనలేక లారీ ట్యూబులో గాలి నింపుకుని దానికే పైపు తగిలించేవాళ్లం. ట్యూబు మెత్తబడే కొద్దీ రంగు చుక్కలు చుక్కలుగా పడేది, అందుకని కళ్లూ పెదాలూ ముందే ముగించాలి. మేనల్లుడికి ఉన్న ఫోటో ఒక్కటే, బడిలో అందరు పిల్లలతో కలిపి తీసినది. అందులో వాడి మొహం గోరంత. దాన్నిబట్టే పటం వేశాను. బావ దాన్ని నడింట్లో తగిలించాడు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. స్టూడియో మూతపడింది, నెగెటివులు పాత సామాన్లవాడికి పోయాయి. నేను పులివెందుల చేరి జెరాక్స్ మిషను పెట్టుకున్నాను. గన్ను ఒక బిస్కెట్ డబ్బాలో ఉండిపోయింది.

"ఏమైందక్కా ఇది?" అని అడిగాను.

"ఊరు మునిగిపోయిన నాడు జరిగింది అబ్బీ. వానలో సామాన్లన్నీ ట్రాక్టరు మీద ఏసుకొని కాలనీకి వచ్చినాం. దీన్ని పరుపులో చుట్టి పెట్టినా. పరుపే నీళ్లు తాగింది."

అక్క మెట్టినూరు జమ్మలమడుగు పక్కన రిజర్వాయరు కింద పోయి అప్పటికి కొన్నేళ్లయింది. బావ అంతకు ముందే చనిపోయాడు. మునిగిన ఊరివాళ్లకు ఇచ్చిన కాలనీ ఇంట్లో నడింటి గోడ ఖాళీగా ఉండటం నేను చూశాను గానీ, పెట్టెలో దాచుకుందేమో అనుకుని అడగలేదు.

"ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"చెప్తే మళ్లా వాని మొహం నీ చేత గీయించాల గదా. ఒకసారి గీసి నువ్వు పడిన బాధే చాలనుకున్యా." కొంగు సర్దుకుంది. "నిన్న పొద్దున లేచి వాణ్ణి తలుచుకుందామని చూసినా. మొహం రాలేదు. ఎంతసేపు కూసున్నా రాలేదు. అందుకే వచ్చినా."

"బడి ఫోటో ఉండాదా?"

"యాడిది. పటం ఎనకాలే అంటించి పెట్టినా."

వెనక అట్ట విప్పి చూశాను. కాగితం ముద్దయి అట్టకు కరుచుకుపోయింది. ఊరే చెదిరిపోయాక ఆ ఫోటో ఇంకొకరి దగ్గర దొరుకుతుందన్న ఆశా లేదు.

మరుసటి రోజు అంగడి మూసి గన్ను తీసుకుని ప్రొద్దుటూరు పోయాను. రంగు గడ్డకట్టింది, సూది మొన వంగింది. బంగారు పని చేసే నా పాత స్నేహితుడు తన అంగట్లోనే దాన్ని విప్పి థిన్నర్లో నానబెట్టాడు.

"ఈ వయసులో మళ్లా ఇదేందప్పా నీకు?" అన్నాడు.

"మా అక్క కొడుకు పటం వేయాల."

అతనికి ఆ పిల్లవాడి సంగతి తెలుసు. సూదిని చిన్న పట్టకారుతో పట్టుకుని, తిప్పుతూ తిప్పుతూ మొనను తిన్నగా చేశాడు.

చిన్న కంప్రెసర్ ఒకటి కొని తెచ్చుకున్నాను. చెడిపోయిన జెరాక్స్ కాగితాల వెనక గీతలు, గుండ్రాలు, చెవులు వేసి చూశాను. మొదట్లో రంగు కారిపోయింది. కళ్లద్దాలు తీస్తే కనపడదు, పెట్టుకుంటే వాటి మీద తుంపర పడుతుంది. అయినా వారం తిరిగేసరికి వేలు గన్ను మీటను ఎంత నొక్కాలో దానంతటదే తెలుసుకుంది. ఒక బుగ్గ తెల్లకాగితంలోంచి మెల్లగా గుండ్రంగా పైకి వచ్చినప్పుడు నాకు సంతోషం వేసింది. ఎందుకోసం మొదలుపెట్టానో కాసేపు మరిచిపోయేంత సంతోషం. ఆ సంగతి అక్కకు చెప్పలేదు.

సామానంతా మోసుకుని అక్క ఇంటికి పోయి, కిటికీ దగ్గర బల్ల వేసుకున్నాను. ఆమె పక్కన కూర్చుని చెబుతుంటే నేను వేయాలని మా ఏర్పాటు. మొదటిది చూసి అక్క, "ఇది చిన్నప్పటి నువ్వు" అంది. రెండోది చూసి, "మీ బావ మాదిరుండాడు" అంది. రెండూ నిజమే.

"పాపిడి ఏ పక్క తీసేదానివి?" అని అడిగాను.

తెలియదన్నట్టు చూసింది. తర్వాత ఎడమ చేత్తో గాలిలో ఒక గెడ్డాన్ని పట్టుకుని, కుడి చేత్తో దువ్వెన ఆడించింది. "ఎడం పక్క" అంది. ఆ చేతులు ఇంకా అలాగే ఉన్నాయి, ఆ ఎత్తులోనే. నేను గన్నులో రంగు చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

"నోరు ఎట్లుండేదక్కా? నవ్వుతాండెనా?"

"పటంలో నవ్వల్యా."

"పటంలో కాదు. వాడు."

అక్క కిటికీ వైపు తిరిగింది. బయట ఎవరో నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలు కడుగుతున్న చప్పుడు వినపడుతూ ఉంది.

"ముప్పై ఏండ్ల పైన ఆ పటాన్నే చూసినా అబ్బీ. వాణ్ణి చూసింది ఆరేండ్లే. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే పటమే వస్తాంది. అది కూడా పోతాంది."

నేనూ గుర్తు తెచ్చుకోవాలని చూశాను. వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని మిట్ట మీదికి నడిచినప్పటి బరువు గుర్తుంది. చెవిలో మామా అని అరిచిన గొంతు గుర్తుంది. భుజాల మీద ఉన్నవాడి మొహం నాకు కనపడదు. పటం వేసిన చెయ్యి నాదే, ఆ చేతికీ ఏమీ గుర్తు లేదు.

ఇంకో కాగితం పెట్టి, ఆమెను అడగకుండానే వేశాను. ఎడమ పక్క పాపిడి, మూసిన పెదాలు, తెల్ల చొక్కా. నీళ్లకు చెదరని రంగు వాడాను. పని తీరు చూస్తే నా జన్మలో అంత చక్కగా ఎప్పుడూ వేయలేదు. బొమ్మ కళ్లలో తడి మెరుపు కూడా వచ్చింది. ముద్దుగా ఉన్నాడు. వాడు మాత్రం కాదు.

అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని వాకిలి దగ్గరికి పోయి వెలుతురులో చూసింది.

"బాగుండాది. తగిలించు" అంది.

తగిలించాను. ఆమె బొట్టు పెట్టలేదు, పూలు వేయలేదు. నేనూ అడగలేదు.

తర్వాత ఒకసారి నేను పోయినప్పుడు, పక్కింటి ముస్లిం ఆమె పెరుగు తోడుకోసం వచ్చింది. గోడ వైపు చూసి, "ఈ పిల్లోడు ఎవరక్కా?" అని అడిగింది.

"మా తమ్ముడు గీసిన బొమ్మ అమ్మా. శానా బాగా గీస్తాడు" అంది అక్క, గిన్నెలో తోడు వేస్తూ.

పక్కింటామె కొంగు ముడిలోంచి సెల్‌ఫోన్ తీసి నాకు చూపించింది. కువైట్‌లో చనిపోయిన వాళ్ల నాయన ఫోటో అది. మసకగా ఉంది, కానీ మొహం తెలుస్తోంది. వేసి ఇస్తావా అన్నా అని అడిగింది. ఇస్తానన్నాను.

ఇప్పుడు ఆదివారాలు అక్క ఇంట్లోనే పోయినవాళ్ల పటాలు వేస్తున్నాను. అక్క నాకు అన్నం పెడుతుంది, టీ కాచి ఇస్తుంది. కంప్రెసర్ శబ్దం మొదలైతే మాత్రం లేచి బయటికి పోయి, మెట్టు మీద కూర్చుంటుంది.