నైనర్ బావ

మా బావ కూరల కొట్లో ఫోన్ నంబరు చెప్పాడంటే కొట్టతను తల గోక్కోవాల్సిందే. "నైనర్, ఎయిట్, నైనర్..." అని మొదలుపెడతాడు. "నైనరంటే ఎంత సార్?" అని అతను. "తొమ్మిదయ్యా!" అని ఈయన. రేడియోలో ఫైవ్, నైన్ ఒకేలా వినపడతాయట. అందుకని విమానం నడిపేవాళ్ళు నైన్‌కి ఒక తోక తగిలించి నైనర్ అంటారు. నేల మీదికి దిగి ఇన్నేళ్ళయినా ఆయన నోటి నుంచి ఆ తోక ఊడలేదు. నేను పెట్టిన పేరే చుట్టాలందరిలోనూ నిలిచిపోయింది, నైనర్ బావ అని.

పందొమ్మిదో ఏట వైమానిక దళంలో చేరాడు. మా అక్కని చేసుకునేనాటికి యుద్ధవిమానం నడుపుతున్నాడు. నేను బస్సు డిపోలో టైంకీపర్ని. సెలవు దొరికితే చాలు, వాళ్ళ క్వార్టర్స్‌లో వాలిపోయేవాణ్ణి. రెండేళ్ళకో బదిలీ. నల్ల ట్రంకు పెట్టెల మీద పాత నంబరు కొట్టేసి కొత్త నంబరు రాసేవాళ్ళు. ఒక ఇంటి కిటికీకి కుట్టిన కర్టెన్లు ఇంకో ఇంటి కిటికీకి మోకాళ్ళదాకా వచ్చేవి. అక్క వాటిని విప్పి, కుట్టి, మళ్ళీ విప్పి, చివరికి విసిగిపోయి పిన్నీసులతో సరిపెట్టేది.

సాయంత్రం బావ గుమ్మం మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటూ ఆ రోజు సంగతులు చెప్పేవాడు. "కింద జోరున వానరా బావమరిదీ. రెండు నిమిషాల్లో మబ్బు దాటేశాను. పైన కళ్ళు చెదిరే ఎండ! అదంతా నా ఒక్కడికే." చెబుతూ చెబుతూ లేసు చేతిలోనే మర్చిపోయేవాడు. కాఫీ చల్లారిపోతోందని లోపల్నుంచి అక్క కేకలు. ఆ మెట్టూ, ఆ కాఫీ, ఆ మాటలూ తలుచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. అంతకంటే సుఖంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. ఆఫీసు పని, పెద్ద హోదా ఇస్తామంటే రెండుసార్లు బతిమాలుకుని మరీ తప్పించుకున్నాడు. విమానం లేని బతుకు ఆయన ఊహకి కూడా అందేది కాదు.

అలాంటివాడు ముప్ఫై ఎనిమిదో ఏట ఉన్నట్టుండి విమానం దిగి బల్ల ముందు కూర్చున్నాడు. ఎందుకని అడిగితే "చాల్లేరా, ఎంతకాలమని" అన్నాడు. నేనూరుకుంటానా? "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటారు. మా బావ స్వర్గం నుంచి దిగొచ్చి ఉట్టి కింద కుర్చీ వేసుకున్నాడు" అని పదిమందిలో అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఆ తర్వాత గ్రూప్ కెప్టెన్ అయ్యాడు, ఎయిర్ కమోడోర్ అయ్యాడు, ఎయిర్ వైస్ మార్షల్ దాకా వెళ్ళాడు. కారుకి జెండా వచ్చింది. ఒక్కోసారి పలకరిస్తే జవాబిచ్చేవాడు కాదు. హోదా తలకెక్కిందనుకుని నా వేళాకోళానికి ఇంకాస్త కారం తగిలించాను. ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి.

ఆయన రిటైరయిన రోజు ఆఫీసర్ల మెస్సులో టీ ఇచ్చారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒకప్పుడు రన్‌వే పక్క టవర్లో కూర్చుని పైలట్లకి రేడియోలో దారి చెప్పే కంట్రోలర్. నేను అలవాటు కొద్దీ ఉట్టి జోకు వేశాను. ఆయన నవ్వలేదు.

"మీకు తెలీదా?" అన్నాడు. "ఆయన ఆఖరిసారి ఎగిరిన రోజు నేను తొమ్మిది వేల అడుగులకి దిగమన్నాను. ఆయనకి అయిదు వేలని వినపడింది. మేం చెప్పింది పైలట్ తిరిగి అప్పజెప్పాలి కదా, అయిదని అప్పజెప్పాడు. నైనర్ అని అరిచాను, ఆగిపోయాడు. ఏడు వేల దగ్గర ఇంకో విమానం అడ్డంగా వస్తోంది. అందులో నలభై మంది."

కప్పు బల్ల మీద పెట్టేశాను. "తర్వాత?"

"తర్వాతేముంది, సర్దుకుంది. అలాంటివి జరుగుతుంటాయి, నేను రిపోర్టు కూడా రాయలేదు. ఈయనే దిగి టవర్ మెట్లెక్కొచ్చాడు. 'మీరు నైనర్ అనే అన్నారా?' అనడిగాడు. అవునన్నాను. అక్కడే కూర్చుని తన మీద తనే రిపోర్టు రాసిచ్చాడు."

అప్పటికి మూడేళ్ళుగా బావకి ఎడమ చెవి మందగిస్తోందట. ఏటేటా వైద్యపరీక్షలో చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, కూత వినపడగానే బటన్ నొక్కమంటారు. గదికి అద్దం కిటికీ, దాని అవతల మిషను తిప్పేవాడు. బావకి ఎడమ చెవిలో కూత వినపడేది కాదు. అద్దంలోంచి మిషను తిప్పేవాడి మోచేయి చూస్తూ, అది కదిలినప్పుడల్లా నొక్కేవాడట. అలా మూడుసార్లు గట్టెక్కాడు. ఆ సంగతీ రిపోర్టులో దాచలేదు. ఉద్యోగం పోవాల్సింది. గట్టిగా మందలించి, ఇక ఎప్పటికీ విమానం ముట్టకుండా నేల మీద ఉంచేశారు.

"ఆఫీసులో కూర్చున్నాక ఆయన వేసిన మొదటి ఆర్డరేంటో తెలుసా? ఆ గది అద్దానికి రంగు వెయ్యమని" అని పెద్దాయన అప్పుడు నవ్వాడు.

హాలు అవతల బావ ఎవరితోనో మాట్లాడుతున్నాడు, కుడి చెవి అటు పెట్టి, తల కొంచెం వంచి. నేను పొగరనుకున్నది ఇదన్నమాట. నాలుక కరుచుకున్నాను. సిగ్గుతో ఆయన దగ్గరికి వెళ్ళలేక, వరండాలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళాను.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"చెవి సంగతి తెలుసు. రిపోర్టు సంగతి రాసొచ్చాకే చెప్పారు."

"నాకొక్క ముక్క చెప్పుంటే..."

"చెప్తే నువ్వు జాలిపడతావని, చెప్పొద్దన్నార్రా. నీ వేళాకోళమే నయమట." అక్క హాలు వైపు చూసింది. "ఆ రోజు మీ బావ వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా ఎదురుగా నిలబడ్డారు. 'ఇక నేను పైలట్‌ని కాను. నీకు పర్వాలేదా?' అనడిగారు."

"నువ్వేమన్నావు?"

"పర్వాలేదన్నాను. గట్టిగానే అన్నాను." అక్క కళ్ళు తుడుచుకుంది. "అప్పట్నుంచి ఏడాదికోసారైనా అదే అడుగుతారు. వినపడక అడుగుతారో, నమ్మక అడుగుతారో నాకు తెలీదు. పొద్దున కూడా అడిగారు."